మన వైమానికదళము – విమానముల యెన్నిక

సంతకు పోయి యెడ్లను కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి నడక చూచును. ఆ మూడును చూచి, బేరము కుదుర్చుకొని, ఇంటికి తోలుకొని వచ్చిన పిదప, ఇక దీనికి మేత యెక్కడిదని తల పట్టుకొని కూర్చుండువాడు మంచి సేద్యగాడు కాడు. నేను చెప్పబోవు చరిత్ర వేలకోట్ల రూపాయల బేరములను గూర్చినదే యైనను, దాని మర్మమంతయు ఈ సంతబేరములోనే యున్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన దేశము తన వైమానికదళమునకు యుద్ధవిమానములను ఏ రీతిని ఎన్నుకొన్నది, ఆ యెన్నికవలన కలిగిన లాభనష్టము లెవ్వి యనునది నా ప్రసంగవిషయము.

నేను విమానము నడిపినవాడను కాను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగును, చరిత్రను చెప్పినవాడను. కావున యంత్రముల సూక్ష్మములను నిపుణులకు విడిచి, కొన్నవా డెవడు, అమ్మినవా డెవడు, ఆ యిద్దఱి నడుమ ఏమి జరిగినది అను కథను మాత్రము మీ ముందుంచుచున్నాను.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. యుద్ధమునకు తగిన గుఱ్ఱములు దక్షిణదేశమున విరివిగా పుట్టవు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఉత్తమాశ్వములను లెక్కించుచు కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశముల గుఱ్ఱములను పేర్కొన్నది. ఆ పట్టికలో దక్షిణాపథపు పేరు లేదు. కావున మన రాజులు ఓడలమీద వచ్చిన గుఱ్ఱములను బంగారమిచ్చి కొనుచుండిరి. పదుమూడవ శతాబ్దమున తమిళతీరమునకు వచ్చిన మార్కోపోలో ఒక విచిత్రమును వ్రాసియున్నాడు. అచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచుండిరట. ఏడాది తిరుగునప్పటికి వానిలో చాలభాగము చచ్చుచుండెనట. గుఱ్ఱములను కాపాడుట తెలిసిన వైద్యులు ఈ దేశమునకు రాకుండ ఆ వర్తకులే అడ్డుపడుచుండిరట. గుఱ్ఱములు చచ్చిననే గదా మరల బేరము! తరువాత 1547లో విజయనగర ప్రభువులు గోవాలోని పోర్చుగీసులతో ఒడంబడిక చేసికొని, గోవా రేవున దిగు గుఱ్ఱములు తమకే గాని బిజాపురమునకు చేరరాదని కట్టుబాటు చేసికొనిరి.

దీనిని బట్టి యుద్ధవాహనము నమ్మువానికి మూడు అధికారములు గలవని తెలియుచున్నది. ఎవరికి అమ్మవలెననునది ఒకటి. ఎవరికి అమ్మరాదనునది రెండవది. అమ్మిన పిదప దానిని బ్రతికించు విద్యను ఇచ్చుటయా, దాచుకొనుటయా యనునది మూడవది. గుఱ్ఱములు పోయి విమానములు వచ్చినవి గాని ఈ మూడును పోలేదు.

మన వైమానికదళము 1932 అక్టోబరు 8వ తేదీన బ్రిటిషువారి యేలుబడిలో ఏర్పడెను. మఱుసటి యేట ఏప్రిలులో కరాచీయందు తొలి స్క్వాడ్రను నాలుగు వాపిటి విమానములతో ప్రారంభమయ్యెను. స్క్వాడ్రననగా ఇప్పటి లెక్కలో పదునెనిమిది విమానముల దండు. 1947లో దేశముతో పాటు దళమును చీలెను. బ్రిటిషువారు పోవుచు కాన్పూరులో విడిచిన లిబరేటరు బాంబరులు పనికిరాకుండ చెడగొట్టబడియుండెను. బెంగుళూరు హిందూస్థాన్ విమానశాలవారు వాని నొక్కొక్కటిగా అతికి, బాగుచేసి, ఎగురునట్లు చేసిరి. 1948లో వానితోనే ఒక బాంబరు స్క్వాడ్రను ఏర్పడినది. చచ్చినదని విడిచిన గుఱ్ఱమును బ్రతికించు వైద్యులు మన యింటనే యున్నారని దీనివలన తేలినది. ఈ సంగతి మన పాలకులు మఱవలేదు.

ఆ యేటనే వాంపైరు అను జెట్ విమానములు బ్రిటనునుండి వచ్చెను. అయితే ఒక్క దుకాణముననే అన్ని సరకులును కొనువాడు ఆ దుకాణదారుని దయకు లోబడియుండవలసివచ్చును. దీనిని గుర్తించి, 1953లో ఫ్రాన్సునుండి 'తూఫానీ'లను తెప్పించిరి. 1954లో అమెరికా పాకిస్థానుతో సైనికసహాయపు ఒప్పందము చేసికొని సేబరు విమానముల నిచ్చుటకు పూనుకొనగా, మనవారు తొందరపడి ఫ్రాన్సునుండి మిస్టేరులను, బ్రిటనునుండి హంటరులను, కాన్బెరాలను కొనిరి. పొరుగువాడు కొన్నదానిని చూచి మనము కొనుట అప్పుడు మొదలైనది. అది నేటికిని ఆగలేదు.

ఆ కాలపు ఎన్నికలలో నా మనస్సునకు మిక్కిలి నచ్చినది నాటు అను చిన్న విమానము. పెట్టరు అను ఆంగ్ల శిల్పి దానిని కల్పించెను. విమానములు నానాటికి పెద్దవియు, ఖరీదైనవియు నగుచున్నవనియు, తేలికయై, చవుకయై, సులభముగా కట్టదగినది కావలెననియు అతని వాదము. దాని రెక్కల విస్తీర్ణము ఇంచుమించు 22 అడుగులు మాత్రమే. అతని సొంత దేశపు దళము దానిని యుద్ధమునకు తీసికొనలేదు. శిక్షణకు అనువైన రూపమును మాత్రము కొనెను. మనవారు 1956లో దానిని బెంగుళూరులో కట్టుకొనుటకు హక్కు సంపాదించిరి. దానికి దోషములు లేకపోలేదు. దానిని నడుపు వ్యవస్థలు మొరాయించుచుండెను, ఫిరంగులు బిగిసిపోవుచుండెను. మనవారు ఓర్పుతో సవరించుకొనిరి. 1965 యుద్ధమున తనకంటె పెద్దవైన సేబరులను కూల్చిన ఖ్యాతి దానికి దక్కెను. 1971 డిసెంబరు 14న శ్రీనగరమును కాపాడుచు ప్రాణమిచ్చిన నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ ఎక్కినది నాటు విమానమే. వైమానికదళమున పరమవీరచక్రము పొందినవాడు ఆయన యొక్కడే. పేదదేశమునకు అన్నిటికంటె గొప్ప విమానము కాక, తాను కట్టుకొనగలిగి, బాగుచేసికొనగలిగి, లెక్కకు మిక్కిలిగా నిలుపుకొనగలిగినదే మేలని నాటు చూపినది.

పరుల కల్పనను ఇంట కట్టుకొనుట ఒకటి. కల్పనయే మనదై యుండుట మఱియొకటి. దానికిని మనవారు పూనుకొనిరి. 1956లో కుర్ట్ టాంక్ అను జర్మను శిల్పిని బెంగుళూరునకు రప్పించిరి. రెండవ ప్రపంచయుద్ధమున పేరుపడిన ఫోకె-వుల్ఫ్ 190 విమానము ఆయన కల్పన. ఆయన చేతిక్రింద మన యింజనీర్లు పనిచేసి 'మారుత్' అను విమానమును నిర్మించిరి. 1961 జూను 17న సురంజన్ దాస్ అను వైమానికాధికారి దానిని తొలిసారి యెగురవేసెను. ఇంత త్వరగా ఇట్టి పనిని సాధించిన దేశములు నాడు ఆసియాలో అరుదు.

అయితే దేహము సిద్ధమైనది గాని గుండె దొరకలేదు. ధ్వనికి రెండింతల వేగమున పోవలెనని ఆ దేహమును కల్పించిరి. దానికై తలచుకొన్న శక్తిమంతమైన యింజను బ్రిటనులో సగము తయారై యుండగా, ఆ దేశము దాని పనిని నిలిపివేసెను. ఖర్చు మీరు పెట్టుకొన్నచో పూర్తిచేయుదుమనిరి. మన ప్రభుత్వము వెనుదీసెను. ఈజిప్టువారు కట్టుచున్న యింజనును మారుతునకు తగిలించి చూచిరి. ఆ యత్నమును 1969 నాటికి ఆగిపోయెను. చివరకు నాటునకు పెట్టు జాతి యింజనులనే రెంటిని పెట్టవలసివచ్చెను. దానితో ధ్వనివేగమును అందుకొనుటయే గగనమయ్యెను. ఉన్న యింజనుకే బలము కూర్చు ప్రయత్నమున, 1970 జనవరి 10న సురంజన్ దాస్ పరీక్షావిమానముతో కూలి మరణించెను. 1971లో రాజస్థాన సరిహద్దున మారుతులు మంచి పనియే చేసినవి. అయినను 147తో వాని నిర్మాణము ముగిసెను. ఆ యింజనుపై వ్యయము చేసియుండినచో మన వైమానికచరిత్ర వేఱుగా నుండెడిదని నా దృఢాభిప్రాయము. మిగుల్చుకొన్న సొమ్మునకు వడ్డీతో సహా పిదప చెల్లించితిమి.

ఇక మిగ్-21 కథ. పాకిస్థానునకు అమెరికా పన్నెండు స్టార్‌ఫైటరుల నిచ్చెను. ధ్వనికి రెండింతల వేగముగల విమానము పొరుగున వెలయగా మనకును అట్టిది కావలసివచ్చెను. 1962లో, కృష్ణమీననుగారు రక్షణమంత్రిగా నుండగా, సోవియటు దేశముతో బేరము కుదిరెను. బ్రిటనుకును, అమెరికాకును ఇది రుచింపలేదు. 1963లో తొలి విమానములు చండీగఢమునకు చేరెను. 1964లో క్రొత్త రక్షణమంత్రి యశ్వంతరావు చవానుగారు అమెరికాకు పోయి స్టార్‌ఫైటరులను అడిగి చూచిరి, అవి దొరకలేదు. ఆయన అచ్చట నుండగనే నెహ్రూగారు గతించిరి. ఆ సెప్టెంబరులో చవానుగారు మాస్కోకు పోయి మిగ్ బేరమును విస్తరింపజేసిరి.

సోవియటువారి విమానమే ఏల? మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది, కట్టుకొను హక్కు ఇచ్చిరి. దేహమునకు నాసిక్‌లోను, యింజనునకు కోరాపుట్టులోను, విద్యుత్పరికరములకు మన హైదరాబాదులోను కర్మాగారములు వెలసెను. 1936 వఱకు విశాఖపట్టణపు జిల్లాలో చేరియుండిన ఆ కొండసీమలో జెట్ యింజనులు తయారగుట సామాన్యమైన మార్పు కాదు. రెండవది, అప్పు తేలిక వడ్డీకి దొరికెను. మూడవది, డాలర్లు కాక రూపాయలలో చెల్లింపవచ్చును. ఆ రూపాయలతో సోవియటువారు మన తేయాకును, జనుపనార సరకును, తోళ్లను, పొగాకును కొనుచుండిరి. గుంటూరు సీమ రైతు పండించిన పొగాకునకును, చండీగఢమున ఎగిరిన విమానమునకును ఈ విధముగ ముడిపడినది. 1991లో ఆ దేశము విచ్ఛిన్నమైనప్పుడు ఇటు పొగాకు రైతులును, అటు విడిభాగములకై ఎదురుచూచు దళమును ఒకేసారి ఇక్కట్టుపాలైరి.

అమ్ముటయు, నిరాకరించుటయు నను అధికారము ఎంత బలమైనదో 1965 చూపినది. సెప్టెంబరులో యుద్ధము ముదురగానే అమెరికా ఉభయదేశములకును ఆయుధములు ఆపివేసెను. తన ముఖ్యవిమానములన్నియు అమెరికావే యైనందున పాకిస్థాను ఎక్కువ నష్టపడెను. సేబరులకు విడిభాగములు కరవయ్యెను. అప్పుడు ఆ దేశము చైనాతట్టును, ఫ్రాన్సుతట్టును తిరిగెను. శత్రువునకు జరిగినదని మనము సంతోషించుట కాదు; అది మనకును పాఠమే.

ఆ పాఠము 1978లో మన గుమ్మమునకే వచ్చెను. శత్రుభూమిలో దూరమునకు చొచ్చుకొనిపోయి కొట్టు విమానమునకై మనవారు బ్రిటను-ఫ్రాన్సుల జాగ్వారును, ఫ్రాన్సు మిరాజ్ ఎఫ్-1ను, స్వీడను విగ్గెనును పోల్చిచూచుచుండిరి. స్వీడను అమ్ముటకు సిద్ధము. కాని విగ్గెను యింజను అమెరికా యింజనునుండి పుట్టినది. కావున అమెరికా వలదనెను, స్వీడను చేయునది లేకపోయెను. విమానము ఒకరిది, దాని గుండెమీద హక్కు వేఱొకరిది! చివరకు జాగ్వారు ఎన్నికైనది. పాకిస్థాను అమెరికానుండి ఎఫ్-16ల కొఱకు ఒప్పుకొనగా, 1982లో ఫ్రాన్సుతో మిరాజ్-2000లకు ఒడంబడిక జరిగెను. అవి 1999లో కార్గిలు కొండలపై గుఱితప్పక కొట్టి తమ విలువను చూపినవి.

ఇంతవఱకు సొమ్మును గూర్చి చెప్పితిని. ఇక ప్రాణములను గూర్చి చెప్పవలెను. మిగ్-21 వేగమైనది, దిగునప్పుడును మహావేగముతో దిగును. పిల్లవాడు మెల్లని శిక్షణవిమానమునుండి నేరుగా దీనిమీద కెక్కుట, గాడిదపై స్వారి నేర్చినవాడు మదపుగుఱ్ఱము నెక్కుట వంటిది. నడుమ ఒక మెట్టు, అనగా వేగముగల శిక్షణవిమానము, అవసరమని లా ఫొంటేన్ సంఘము 1982లో సలహా యిచ్చెను. దానికై హాకు విమానముల ఒప్పందము 2004లో జరిగెను. అవి మన తెలంగాణమునకు ఆనుకొనియున్న బీదరు శిక్షణకేంద్రమున 2008లో చేరెను. సలహాకును, సంతకమునకును నడుమ 22 సంవత్సరములు! యుద్ధవిమానమునకై త్వరపడిన దొరతనము శిక్షణవిమానమునకు త్వరపడలేదు. 1971 మొదలు 2012 ఏప్రిలు వఱకు 482 మిగ్ విమానములు ప్రమాదములపాలయ్యెననియు, 171 మంది వైమానికులును, 39 మంది పౌరులును మరణించిరనియు రక్షణమంత్రి ఆంటోనీగారు పార్లమెంటున తెలిపిరి. మానవదోషము, యంత్రదోషము రెండును అందులో గలవు. అయినను ఆ నడిమి మెట్టు సకాలమున కట్టబడినచో కొందఱు తల్లులకు కడుపుకోత తప్పెడిదని నేను నమ్ముచున్నాను.

మిగ్-21లను అంతకాలము ఏల ఉంచవలసివచ్చెను? వాని స్థానమును పూరించు విమానము ఆలస్యమైనందువలన. ఆ విమానమే తేజస్. 1983లో దానికి అనుమతి లభించినది. బరంపురమున జన్మించిన కోట హరినారాయణగారు ఆ పథకమునకు చాలకాలము నాయకులు. 1998లో మన దేశము అణుపరీక్షలు చేయగా అమెరికా ఆంక్షలు విధించెను. అచ్చట కలసి పనిచేయుచున్న మన యింజనీర్లు వెనుకకు రావలసివచ్చెను. విమానమును నిలకడగా నడుపు గణితమునంతటిని మనవారే బెంగుళూరులో పూర్తిచేసిరి. 2001 జనవరి 4న అది యెగిరినది. 2016లో దళమున చేరినది.

దానికిని గుండె మనది కాదు. 1989లో 'కావేరి' అను యింజనునకు పూనుకొంటిమి. అది కావలసిన బలమును పొందనందున 2008లో తేజస్ నుండి వేఱుచేయబడెను. ఇది మన యింజనీర్ల చేతగానితనమని తేలికగా అనరాదు. ఆ యింజనులోని రేకులు లోహము కరగు వేడిమికి మించిన వాయువులో నిమిషమునకు వేలసారులు తిరుగవలెను. కరగకుండుటకై వానిలో వెండ్రుకవంటి రంధ్రములు తొలిచి చలిగాలి పంపుదురు. రేకునంతటిని ఒకే స్ఫటికముగా పోతపోయుదురు. ఈ విద్యను సొంతము చేసికొన్న దేశములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అవి దానిని అమ్మవు. మార్కోపోలో చెప్పిన అశ్వవైద్యుడు నేడు ఈ రేకులో దాగియున్నాడు. 2021లో 83 తేజస్ విమానములకు ఒప్పందము జరిగినది. వానికి వలసిన అమెరికా యింజనులలో మొదటిది 2025 మార్చిలో గాని చేరలేదు. దేహములు సిద్ధమై గుండెకై కాచుకొనియుండుట మారుతునాటి కథయే గదా!

ఇంతలో మఱియొక బేరము నడిచెను. 2007లో 126 విమానములకై పిలువగా అమెరికానుండి రెండు రకములును, రష్యా, ఫ్రాన్సు, స్వీడనులనుండి ఒక్కొక్కటియు, నాలుగు యూరపు దేశములు కలసి కట్టినది ఒకటియు పోటీకి వచ్చెను. బెంగుళూరు తేమలోను, జైసల్మేరు ఎండలోను, లేహ్ మంచుకొండలలోను పరీక్షించిరి. పరీక్షలు శ్రద్ధగా జరిగెననుటలో సందేహము లేదు. 2012లో ఫ్రాన్సు రఫేల్ ఎన్నికయ్యెను. కాని ధరను గూర్చియు, ఇచ్చట కట్టువానికి పూచీ యెవరిదను విషయమును గూర్చియు తగవు తెగలేదు. ఆ పిలుపు రద్దయి, 2016లో సిద్ధవిమానములు 36 మాత్రము కొనబడెను. 2020లో అవి అంబాలాలో దిగసాగెను. పండ్లును, సుడులును, నడకయు చూచుటకు ఐదేండ్లు పట్టినది. మేతను గూర్చిన మాట తెగక బేరమే చెడినది.

2025 సెప్టెంబరు 26న చండీగఢములోనే, తాను తొలుత దిగిన చోటనే, మిగ్-21 సెలవు తీసికొన్నది. 62 సంవత్సరముల కొలువు! 42 స్క్వాడ్రనులు ఉండదగిన దళమున ముప్పదికి తక్కువగా మిగిలినవి.

పెద్దలారా, దీనినుండి మనము గ్రహింపవలసినదేమి? క్రొత్త విమానము కొనబడెనను వార్త వచ్చినప్పుడు అది ఎంత వేగమున పోవును, ఎన్ని బాంబులు మోయునని మన పిల్లలు అడుగుదురు. అడుగనిండు. మనము మాత్రము మూడు ప్రశ్నలు వేయవలెను. దాని యింజను ఎవరిది? యుద్ధము నడుమ విడిభాగము కావలసివచ్చినచో ఇచ్చువాడు ఆనాడు మన పక్షముననే యుండునా? దానిపై నెక్కబోవు పిల్లవానికి నేర్పుటకు వలసిన మెట్లన్నియు కట్టితిరా? ఓటు అడుగవచ్చినవారిని కాలువను గూర్చి, రోడ్డును గూర్చి ఎట్లు నిలదీయుదుమో, వీనిని గూర్చియు అట్లే నిలదీయవచ్చును. ఆ సొమ్ము మన పన్నులలోనిదే. దుండిగల్లు వైమానిక విద్యాలయమున చేరు బాలురలోను, బాలికలలోను మన గ్రామములవారును గలరు. వారు ఎక్కు వాహనమును ఎన్నుకొనువారు సంతలో యెద్దును కొను రైతునకున్న పాటి ముందుచూపు కలిగియుండవలెనని కోరుట అత్యాశ కాదని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాను.